సింగిల్ సీటర్ రేస్ కారు డిజైన్ ఎలా చేయాలి: టైరు దగ్గర మొదలుపెట్టి లోపలికి

రేస్ కారు డిజైన్ చేద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది కంప్యూటర్ తెరవగానే ముక్కు గీస్తారు, తర్వాత రెక్కలు, తర్వాత సైడ్ పాడ్లు (కారు పక్కల ఉబ్బెత్తు భాగాలు). కంటికి ముందు కనిపించేవి అవే కదా, ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. కానీ కారు మలుపు తిరిగేది, ఆగేది, ముందుకు దూకేది అంతా నాలుగు టైర్లు నేలకి తగిలే ఆ నాలుగు చిన్న చోట్లలోనే. ఇంజన్ ఎంత గట్టిదైనా, రెక్కలు ఎంత అందంగా ఉన్నా, ఆ నాలుగు చోట్లు ఎంత బలం పట్టగలిగితే మీకు దక్కేది అంతే. అందుకని ఈ గైడ్‌లో మనం అక్కడ మొదలుపెట్టి లోపలికి వస్తాం.

ఉదాహరణకి విద్యార్థులు కట్టే ఫార్ములా ఎస్‌ఏఈ, ఫార్ములా స్టూడెంట్ తరహా చిన్న కారు తీసుకుంటున్నాను. మొదటిసారి డిజైన్ చేసేవాళ్లకి చేతికి అందేది అదే, పైగా లెక్కలు కాగితం మీద పట్టేంత చిన్నగా ఉంటాయి. పెద్ద ఫార్ములా కార్లకి కూడా వరస ఇదే, అంకెలే వేరు.

ముందు రూల్ బుక్ చదవండి, ఒకటికి రెండుసార్లు

ఇది విసుగ్గా అనిపించే పని, నిజమే. అయినా సగం డిజైన్ అక్కడే తేలిపోతుంది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) కనీసం 1525 మి.మీ. ఉండాలి. ముందు, వెనక ట్రాకుల్లో (ట్రాక్ అంటే ఒకే ఇరుసు మీది ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) చిన్నది పెద్దదానిలో 75 శాతానికి తగ్గకూడదు. పెట్రోల్ ఇంజన్ అయితే 710 సీసీ దాటకూడదు, లోపలికి వెళ్లే గాలి మొత్తం 20 మి.మీ. వ్యాసం ఉన్న ఒకే రంధ్రం గుండా వెళ్లాలి. ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీ నుంచి 80 కిలోవాట్లకి మించి తీసుకోకూడదు. బ్రేక్ పెడల్ 2000 న్యూటన్ల బలానికి ఆగాలి. డ్రైవరు 5 సెకన్లలో బయటికి రాగలగాలి. కారుని 60 డిగ్రీలు పక్కకి వంచితే బోల్తా పడకూడదు. ఇవి కొన్నే, బుక్ నిండా ఇలాంటివి ఉంటాయి, ఏటేటా మారుతుంటాయి కూడా, అందుకని మీరు వెళ్లే పోటీకి వర్తించే తాజా కాపీనే పెట్టుకోండి.

రూల్స్‌తో పాటు మార్కుల పట్టిక కూడా చూడండి. ఫార్ములా ఎస్‌ఏఈలో మొత్తం 1000 పాయింట్లు. అందులో ఎండ్యూరెన్స్‌కి 275, ఆటోక్రాస్‌కి (ఒంటరిగా ఒక్క చుట్టు వేగంగా తిరిగే పోటీ) 125, డిజైన్‌కి 150, యాక్సిలరేషన్‌కి 100, స్కిడ్‌ప్యాడ్‌కి (రెండు వలయాల చుట్టూ 8 అంకెలా తిరిగే పరీక్ష) 75. ఎండ్యూరెన్స్ అంటే సుమారు 22 కిలోమీటర్లు, మలుపు మీద మలుపు, సగటు వేగం గంటకి 50 కిలోమీటర్ల చుట్టుపక్కలే. అంటే టాప్ స్పీడ్ కోసం ప్రాణం పెట్టాల్సిన పని లేదు, మలుపులో బాగా తిరిగే కారు, అన్నిటికన్నా ముఖ్యంగా చివరిదాకా ఆగకుండా నడిచే కారు కావాలి. ఈ ఒక్క విషయం టీమ్‌లో అందరికీ మొదటి రోజే ఎక్కితే తర్వాత వచ్చే వాదనలు చాలా తగ్గుతాయి.

రూల్స్‌ని శ్రద్ధగా చదివితే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి 1978 నాటి ఫార్ములా వన్ కారు బ్రాబమ్ బీటీ46బీ చాలు. కదిలే ఏరోడైనమిక్ పరికరాలు నిషేధం, అయినా దాని డిజైనర్ గోర్డన్ మర్రే కారు వెనక పెద్ద ఫ్యాన్ పెట్టి దాని ప్రధాన పని ఇంజన్‌ని చల్లబరచడమేనని వాదించాడు. అదే ఫ్యాన్ కారు కింది గాలిని లాగేసి దాన్ని నేలకి అతికించేది. స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్‌లో డ్రైవరు నికీ లౌడా దానితో రేసు గెలిచాడు, ఆ ఒక్క రేసు తర్వాత కారుని పక్కన పెట్టేశారు. మీరు అంత దూరం పోనక్కర్లేదు, కానీ ఏ వాక్యం దేన్ని ఆపుతోందో, దేన్ని ఆపట్లేదో తెలియాలి.

టైరు ఎంచుకోండి, దాని స్వభావం నేర్చుకోండి

టైరు గురించి ఒక్క సంగతి మాత్రమే గుర్తుంచుకోగలనంటే ఇది గుర్తుంచుకోండి: టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, కానీ బరువు పెరిగినంతగా పెరగదు. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక ఇరుసు మీద రెండు టైర్లు, ఒక్కోదాని మీద 70 కిలోలు, ఘర్షణ గుణకం 1.6. అప్పుడు రెండూ కలిసి 224 కిలోల పక్క బలం ఇస్తాయి. ఇప్పుడు మలుపులో 50 కిలోలు లోపలి టైరు నుంచి బయటి టైరుకి మారాయి. బయటి దాని మీద 120, గుణకం 1.45కి పడిపోయింది, 174 వచ్చింది. లోపలి దాని మీద 20, గుణకం 1.7, వచ్చింది 34. మొత్తం 208. బరువు అంతే ఉంది, టైర్లు అవే, అయినా 16 కిలోల పట్టు పోయింది.

సీజీ (కారు గరిమనాభి, అంటే బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్కేసే బిందువు) ఎందుకు కిందికి ఉండాలి, ట్రాక్ ఎందుకు వెడల్పుగా ఉండాలి, యాంటీ రోల్ బార్ (కారు ఒరగడం తగ్గించడానికి ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ) బిగిస్తే కారు స్వభావం ఎందుకు మారుతుంది, వీటన్నిటికీ జవాబు ఆ 16 కిలోల్లోనే ఉంది. ఈ పేరా అర్థం కాకపోతే ముందుకి వెళ్లకండి, మళ్లీ చదవండి, మీ సొంత అంకెలతో చేసి చూడండి.

టైర్ల అసలు కొలతలు కావాలంటే ఫార్ములా ఎస్‌ఏఈ టైర్ టెస్ట్ కన్సార్షియంలో టీమ్‌గా చేరండి, యంత్రం మీద కొలిచిన డేటా ఇస్తారు. ఆ డేటా నేరుగా వాడేస్తే మాత్రం నిరాశ తప్పదు, ఎందుకంటే పరీక్ష యంత్రం మీది గరుకు బెల్టు వేరు, మీరు తిరిగే తారు నేల వేరు. అక్కడి పట్టుని కొంత తగ్గించి వాడాలి. రెండు టైర్లని పోల్చడానికి, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి వాలే కోణం) ఎంత ఇస్తే బాగుంటుందో చూడటానికి మాత్రం అది బంగారమే.

సైజు విషయంలో 10 అంగుళాల రిమ్ముకి, 13 అంగుళాల రిమ్ముకి మధ్య ఎప్పుడూ గొడవే. 10 తేలిక, తిప్పడానికి తక్కువ శక్తి చాలు. కానీ దాని లోపల బ్రేకు డిస్కు, కాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో నొక్కేది), అప్‌రైట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి పట్టి ఉంచే భాగం), బాల్ జాయింట్లు (గుండ్రటి కీళ్లు) అన్నీ ఇరికించాలంటే చేయి తిరిగిన డిజైనర్ కావాలి. మొదటి కారు అయితే నేను 13కే ఓటేస్తాను, ఆ ఖాళీ చోటు మీకు చాలా తలనొప్పులు తప్పిస్తుంది.

నాలుగు అంకెలు, ఒక కాగితం

ఇప్పుడు క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) తెరవాలనిపిస్తుంది. ఇంకా వద్దు. ముందు నాలుగు అంకెలు రాయండి: డ్రైవరుతో కలిపి బరువు, వీల్‌బేస్, ట్రాక్, సీజీ ఎత్తు. మన ఉదాహరణకి 280 కిలోలు, 1550 మి.మీ., 1200 మి.మీ., 300 మి.మీ. అనుకుందాం. బరువు ముందు 45, వెనక 55 శాతం.

మొదటి పరీక్ష వంపుది. ట్రాక్‌లో సగం 600, దాన్ని సీజీ ఎత్తు 300తో భాగిస్తే 2. అంటే 63 డిగ్రీల దాకా కారు నిలబడుతుంది. 60 డిగ్రీలకి కావాల్సింది 1.73. పాసయ్యాం, కానీ చేతిలో మిగిలింది కొంచెమే, పొడుగు డ్రైవరు ఎక్కితే సీజీ ఇంకా పైకి పోతుందని మర్చిపోకండి.

రెండోది మలుపులో బరువు బదిలీ. బరువుని పక్క త్వరణంతో గుణించి, సీజీ ఎత్తుతో గుణించి, ట్రాక్‌తో భాగించండి. 1.5 జీ (గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్లు) దగ్గర 105 కిలోలు బయటి వైపుకి పోతాయి. స్ప్రింగులు మార్చినా, బార్ బిగించినా, రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కడ పెట్టినా ఈ మొత్తం దాదాపు మారదు. ఆ 105లో ముందు ఇరుసు ఎంత మోస్తుంది, వెనక ఇరుసు ఎంత మోస్తుంది అనేది మాత్రమే మీ చేతిలో ఉంటుంది. మొత్తాన్నే తగ్గించాలంటే సీజీ దించాలి, బరువు తగ్గించాలి, ట్రాక్ పెంచాలి, వేరే దారి లేదు.

మూడోది బ్రేకింగ్. అదే లెక్క, ట్రాక్ బదులు వీల్‌బేస్. 1.5 జీతో ఆపితే సుమారు 81 కిలోలు ముందుకి వస్తాయి. నిలబడి ఉన్నప్పుడు ముందు 126, వెనక 154 ఉన్నది, ఇప్పుడు ముందు 207, వెనక 73. అంటే బ్రేక్ బలంలో 74 శాతం ముందు చక్రాలే చేయాలి. ఈ అంకె పక్కన పెట్టుకోండి, బ్రేకుల దగ్గర కావాలి.

నాలుగోది స్కిడ్‌ప్యాడ్. లోపలి వలయం వ్యాసం 15.25 మీటర్లు, కాబట్టి కారు మధ్యభాగం సుమారు 8.5 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంది. 1.5 జీ పట్టు ఉంటే వేగం గంటకి 40 కిలోమీటర్లు, చుట్టుకి 4.8 సెకన్లు. రేపు కారు తయారయ్యాక 5.5 వస్తే, ఎక్కడో 0.7 సెకన్లు పోతున్నాయని మీకు ముందే తెలుస్తుంది. ఈ లెక్క లేకపోతే 5.5 మంచిదో చెడ్డదో కూడా తెలియదు.

వీటితో పాటు ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టండి, ప్రతి భాగం బరువు, దాని సీజీ ముందు చక్రం నుంచి ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు. మొదట్లో అన్నీ అంచనాలే ఉంటాయి. భాగం చేతికి రాగానే తూచి అసలు అంకె వేయండి. ఇది ఒక మనిషి బాధ్యతగా ఉండాలి, అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది.

సస్పెన్షన్: చక్రం లోపలి నుంచి గీయండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం. డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి చేతుల్లా పట్టుకునే కడ్డీలు) అయితే ముందు చక్రం గీసి, దాని లోపల పై బాల్ జాయింట్, కింది బాల్ జాయింట్ ఎక్కడ పట్టగలవో చూడండి. రెండిటి మధ్య నిలువు దూరం ఎంత ఎక్కువ ఉంటే చేతుల మీద బలాలు అంత తగ్గుతాయి, అందుకని కాలిపర్‌కి తగలకుండా వీలైనంత దూరంగా పెట్టండి. తర్వాతే లోపలి పాయింట్లు, అంటే చాసిస్ (కారు ప్రధాన చట్రం) మీద విష్‌బోన్ తగిలే చోట్లు.

ముందు నుంచి చూసినప్పుడు పై చేయి పొట్టిగా, కింది చేయి పొడుగ్గా ఉంటే, కారు ఒరిగినప్పుడు బయటి చక్రం తల లోపలికి వాలుతుంది. కావాల్సింది అదే, ఎందుకంటే కారు బయటికి ఒరిగేటప్పుడు చక్రాన్ని కూడా బయటికి వంచేస్తుంది, దాన్ని కొంత వెనక్కి తేవాలి. కానీ ఈ క్యాంబర్ మార్పు మరీ ఎక్కువ పెడితే బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాలు రెండూ లోపలి అంచు మీద నిలబడతాయి. రెండూ పూర్తిగా దక్కవు. కారు ఎంత తక్కువ ఒరిగితే ఈ తగువు అంత తేలిక, కాబట్టి ఒరగడం ఒకటిన్నర, రెండు డిగ్రీల లోపు ఉండేలా చూసుకుని, మిగతాది నిలబడి ఉన్నప్పుడే ఇచ్చే క్యాంబర్‌తో సరిపెట్టండి.

రోల్ సెంటర్ నేలకి కొంచెం పైన, వెనకది ముందుదానికన్నా కాస్త ఎత్తులో, ఇది మంచి ఆరంభం. దాని కచ్చితమైన ఎత్తు కోసం వారాల తరబడి కొట్టుకోకండి, చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు అది ఎక్కడెక్కడికో పరిగెత్తకుండా ఉంటే చాలు.

దానికన్నా పదింతలు శ్రద్ధ పెట్టాల్సింది బంప్ స్టీర్ మీద. చక్రం పైకి లేచినప్పుడు స్టీరింగ్ తిప్పకుండానే అది పక్కకి తిరిగితే డ్రైవరుకి కారు మీద నమ్మకం పోతుంది, నమ్మకం పోయిన డ్రైవరు ఎంత మంచి కారునైనా నెమ్మదిగానే నడుపుతాడు. ముందు నుంచి చూసినప్పుడు టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) గీత కూడా రెండు విష్‌బోన్ల గీతలు కలిసే బిందువు వైపే పోవాలి, దాని లోపలి చివర రెండు విష్‌బోన్ల లోపలి పాయింట్లని కలిపే గీత మీదికి రావాలి, బయటి చివర రెండు బాల్ జాయింట్లని కలిపే గీత మీదికి. టై రాడ్‌ని కింది విష్‌బోన్ ఎత్తులోనే పెడితే ఇది చాలా సులువుగా కుదురుతుంది. వెనక చక్రాల టో లింక్‌కి (చక్రం పక్కకి తిరగకుండా పట్టే కడ్డీ) కూడా ఇదే సూత్రం. ఆ లింక్ తగిలే చోటు బాల్ జాయింట్ నుంచి ఎంత దూరంగా ఉంటే చక్రం అంత గట్టిగా నిలబడుతుంది.

రాడ్ ఎండ్‌ని (కడ్డీ చివర మరతో బిగించే కీలు) వంపు బలంలో పెట్టకండి, అంటే విష్‌బోన్ చేతి చివర మర మీద బిగించిన రాడ్ ఎండ్ మధ్యలో పుష్‌రాడ్ (చక్రం కదలికని స్ప్రింగుకి చేర్చే కడ్డీ) బలం పడేలా చేయకండి. మర గాడుల దగ్గరే అది విరుగుతుంది, విరిగినప్పుడు చక్రం కారుతో ఉండదు. క్యాంబర్ సరిచేయడానికి అప్‌రైట్ దగ్గర పలుచని షిమ్‌లు (లోహపు రేకులు) పెట్టండి, రాడ్ ఎండ్‌ని తిప్పి సరిచేసే పద్ధతి వద్దు.

ఇప్పుడు స్ప్రింగ్. ముందు ఒక మూల మీద, చక్రం బరువు తీసేస్తే, 50 కిలోలు ఉందనుకోండి. కారు ఆ మూల దగ్గర సెకనుకి 3 సార్లు ఊగేలా కావాలంటే, 3ని 2π (అంటే 6.28)తో గుణించి, దాన్ని వర్గం చేసి, 50తో గుణించండి. చక్రం దగ్గర మిల్లీమీటరుకి 17.8 న్యూటన్ల గట్టిదనం కావాలని వస్తుంది. చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగ్ 8 మి.మీ. నొక్కుకుంటుందనుకుంటే నిష్పత్తి 0.8, దాని వర్గం 0.64. 17.8ని 0.64తో భాగిస్తే 27.8. మీరు కొనాల్సిన స్ప్రింగ్ అది. వర్గం చేయడం మర్చిపోయి 0.8తోనే భాగించేవాళ్లు చాలామంది, 22 స్ప్రింగ్ కొనుక్కుని కారు ఎందుకు మెత్తగా ఉందో తెలియక తికమక పడతారు.

కొన్న స్ప్రింగుకి పైన ఒకటి గట్టిది, కింద ఒకటి మెత్తది కూడా తెచ్చిపెట్టుకోండి. యాంటీ రోల్ బార్ చేతితో మార్చుకునేలా ఉండాలి. ముందు బార్ బిగిస్తే ఆ 105 కిలోల్లో ఎక్కువ వాటా ముందు ఇరుసు మోస్తుంది, ముందు టైర్లు పట్టు కోల్పోతాయి, కారు మలుపు తిరగనంటుంది. వెనక బిగిస్తే తోక జారుతుంది. టైరు దగ్గర చెప్పుకున్న ఆ లెక్కే ఇది, ఇప్పుడు మీ చేతిలో స్పానర్ రూపంలో ఉంది.

డ్రైవరుని కూర్చోబెట్టి, చుట్టూ చాసిస్

చాసిస్ గీసి అందులో మనిషిని ఇరికించడం కాదు. చెక్కతో, ప్లైవుడ్‌తో సీటు, పెడల్స్, స్టీరింగ్ అసలు కొలతల్లో పెట్టి టీమ్‌లో అందరికన్నా పొడుగు మనిషినీ, అందరికన్నా పొట్టి మనిషినీ హెల్మెట్‌తో సహా కూర్చోబెట్టండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మోకాలికి తగులుతోందా? మోచేయి ఎక్కడికి పోతోంది? 5 సెకన్లలో లేవగలుగుతున్నారా? ఒక పూట పని, కానీ దీనివల్ల తేలే కొలతలు ఇంకెక్కడా దొరకవు. పెడల్స్‌ని ముందుకీ వెనక్కీ జరిపేలా చేయండి, సీటు జరపొద్దు, ఎందుకంటే డ్రైవరు తల రోల్ హూప్‌కి (కారు బోల్తా పడితే తలని కాపాడే ఉక్కు వలయం) ఎక్కడ ఉండాలో మారకూడదు. కాళ్ల భద్రత విషయానికొస్తే, ఫార్ములా వన్‌లో 1988 నుంచి డ్రైవరు పాదాలు ముందు ఇరుసుకి వెనకే ఉండాలన్న రూల్ వచ్చింది, అప్పటిదాకా ముందు నుంచి గుద్దుకుంటే మొదట నలిగేవి కాళ్లే.

ఆ తర్వాత చాసిస్. లోటస్ 25 1962లో మోనోకాక్‌ని (ట్యూబులు లేకుండా పెట్టెలా ఉండే చాసిస్) ఫార్ములా వన్‌లోకి తెచ్చింది, మెక్‌లారెన్ ఎంపీ4/1 1981లో దాన్ని కార్బన్ ఫైబర్‌తో చేసింది. అయినా మొదటి కారుకి స్టీల్ ట్యూబులే మంచివి. వెల్డింగ్ వచ్చినవాళ్లు దొరుకుతారు, తప్పు వస్తే కోసి మళ్లీ అతికించొచ్చు. ట్యూబుల చాసిస్‌కి ఒకటే నియమం: ప్రతి బలం ట్యూబులు కలిసే చోటే పడాలి, ప్రతి పక్కా త్రికోణాలుగా విడిపోవాలి. విష్‌బోన్ బ్రాకెట్‌ని ట్యూబు మధ్యలో అతికిస్తే ట్యూబు వంగుతుంది, మీరు ఎంతో జాగ్రత్తగా చేసిన జ్యామితి అంతా ఆ వంపులో కొట్టుకుపోతుంది. కాక్‌పిట్ దగ్గర పైన ఖాళీ తప్పదు, చాసిస్ మెలితిరిగేది ఎక్కువగా అక్కడే. మూత తీసిన అట్టపెట్టె మూత ఉన్నదానికన్నా ఎంత సులువుగా మెలితిరుగుతుందో చేతుల్లో పట్టుకుని చూడండి, కాక్‌పిట్ పక్క ట్యూబులు ఎందుకు అంత బలంగా ఉండాలో తెలిసిపోతుంది.

గట్టిదనం ఎంత కావాలి? మన స్ప్రింగులతో ముందు ఇరుసు ఒరుగుడు గట్టిదనం డిగ్రీకి సుమారు 220 న్యూటన్ మీటర్లు వస్తుంది, వెనకదీ కలిపి, బార్లూ కలిపితే ఐదారు వందలు. చాసిస్ దానికి కనీసం మూడు రెట్లు ఉంటే బార్ మార్చినప్పుడు కారు స్పందిస్తుంది, లేకపోతే బార్ బదులు చాసిస్సే స్ప్రింగులా మెలితిరుగుతుంది. కట్టాక కొలవండి. వెనక హబ్బులు (చక్రం బిగించే భాగాలు) బిగించి, ముందు ఒక హబ్‌ని 500 న్యూటన్లతో పైకి, రెండోదాన్ని అంతే బలంతో కిందికి లాగితే 1.2 మీటర్ల ట్రాక్ మీద 600 న్యూటన్ మీటర్లు. 0.4 డిగ్రీలు తిరిగితే మీ చాసిస్ 1500. డ్యాంపర్ల (స్ప్రింగు ఊగుడుని అణిచే భాగాలు) బదులు గట్టి కడ్డీలు పెట్టి కొలవాలి, అది మర్చిపోవద్దు.

బ్రేకులు: వెనక్కి వెనక్కి లెక్క

74 శాతం గుర్తుందా. 280 కిలోల కారుని 1.5 జీతో ఆపడానికి సుమారు 4100 న్యూటన్లు కావాలి. ముందు ఒక్కో చక్రానికి 1500 పైచిలుకు. టైరు వ్యాసార్థం 0.26 మీటర్లు, కాబట్టి 400 న్యూటన్ మీటర్ల టార్క్. డిస్కు మీద ప్యాడ్ పట్టే చోటు మధ్య నుంచి 9 సెంటీమీటర్లు ఉంటే అక్కడ 4400 న్యూటన్ల ఘర్షణ కావాలి. రెండు ముఖాలు, ప్యాడ్ గుణకం 0.45 అనుకుంటే నొక్కాల్సిన బలం 4900. కాలిపర్‌లో ఒక పక్క పిస్టన్ల వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు అయితే పీడనం 49 బార్లు (ఇక్కడ బార్ అంటే పీడనం కొలత). అక్కడి నుంచి మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ నూనెని తోసేది), పెడల్ నిష్పత్తి, చివరికి డ్రైవరు కాలు ఎంత నొక్కాలో వస్తుంది. వెనకకీ ఇదే చేయండి.

ముందు, వెనక రెండు వేరువేరు సర్క్యూట్లు ఉండి తీరాలి, మధ్యలో బ్యాలన్స్ బార్ (పెడల్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచేది). నాలుగు చక్రాలూ లాక్ అవ్వాలనేది బ్రేక్ టెస్ట్. అది పాసవ్వకపోతే మీ కారు ట్రాక్ మీదికే పోదు, ఏడాది కష్టం పార్కింగ్‌లో నిలబడుతుంది. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది, అందుకని ముందువి ఒక్క క్షణం ముందు లాక్ అయ్యేలా పెట్టండి.

ఇంజన్ సంగతి క్లుప్తంగా

20 మి.మీ. రంధ్రం గుండా గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక ఎంత లాగినా అంతకన్నా ఎక్కువ రాదు, సెకనుకి సుమారు 75 గ్రాములే. అంటే పైన ఎక్కడో శక్తి కోసం వెతకడం దండగ. మధ్య ఆర్‌పీఎంలో సాఫీగా లాగే ఇంజన్ చూసుకోండి. రంధ్రం తర్వాత గొట్టం నెమ్మదిగా వెడల్పవ్వాలి, సగం కోణం నాలుగైదు డిగ్రీల కన్నా పెరిగితే గాలి గోడని వదిలేస్తుంది. మోటార్‌సైకిల్ ఇంజన్, దాని గేర్‌బాక్సే, చైన్, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ శక్తి పంచుతూ ఒకటే ఊరికే తిరిగిపోకుండా చూసేది), ఇంతకన్నా కొత్తది మొదటి ఏడాది వద్దు. చైన్ బలానికి డిఫరెన్షియల్ బ్రాకెట్లు వంగకుండా చూడండి, వేల న్యూటన్లు లాగుతుందది. రేడియేటర్ ముందు గాలి దారి చిన్నగా మొదలై వెడల్పయ్యేలా కట్టండి, పక్కల సందులు మూయండి. సందు ఉంటే గాలి రేడియేటర్ గుండా ఎందుకు పోతుంది, సులువైన దారిలోనే పోతుంది.

రెక్కలు, ఇప్పుడు మాత్రమే

డౌన్‌ఫోర్స్ (గాలి కారుని నేలకి నొక్కే బలం) లెక్క సులువు: గాలి సాంద్రతలో సగం, వేగం వర్గం, రెక్కల గుణకాన్ని వైశాల్యంతో గుణించిన అంకె, ఈ మూడింటినీ గుణించండి. ఆ అంకె 3 అనుకుంటే, గంటకి 54 కిలోమీటర్ల దగ్గర 405 న్యూటన్లు, అంటే 41 కిలోల బలం టైర్ల మీద అదనంగా. వేగం రెట్టింపైతే ఇది నాలుగు రెట్లు. రెక్కల బరువు 12 కిలోలైనా లాభమే. పైగా ఈ 41 కిలోలకి మలుపులో జడత్వం ఉండదు, టైరుకి పట్టు మాత్రమే ఇస్తుంది.

కానీ ఈ బలం ముందుకీ వెనక్కీ పంచుకునే తీరు బరువు పంపకానికి దగ్గరగా ఉండాలి. 45 శాతం ముందు ఉంటే డౌన్‌ఫోర్స్ కూడా అటూ ఇటుగా 45 ముందు ఉండాలి, లేకపోతే నెమ్మది మలుపులో ఒక కారు, వేగం మలుపులో ఇంకో కారు అవుతుంది. ముందు రెక్క నేలకి దగ్గర కాబట్టి బ్రేకు వేసి ముక్కు దిగినప్పుడు దాని బలం మారుతుంది. 2022లో ఫార్ములా వన్ మళ్లీ గ్రౌండ్ ఎఫెక్ట్‌కి (కారు కింది గాలితో నేలకి లాగించుకునే పద్ధతి) వచ్చినప్పుడు కార్లు స్ట్రెయిట్ మీద పైకీ కిందికీ ఎగిరిపడింది ఇలాంటి కారణంతోనే: నేలకి దగ్గరైతే లాగుడు పెరిగి ఇంకా దిగుతుంది, మరీ దగ్గరైతే గాలి ఆగిపోయి లేస్తుంది, మళ్లీ మొదలు.

కంప్యూటర్‌లో గాలి రంగులు చూసి మురిసిపోయే ముందు కారు ఒరిగినప్పుడు, పక్కకి తిరిగినప్పుడు కూడా లెక్క చేయండి, మీరు తిరిగేది మలుపుల్లోనే. రెక్క మీద ఉన్ని దారాలు అతికించి వీడియో తీస్తే గాలి ఎక్కడ విడిపోతోందో నేరుగా కనిపిస్తుంది. చవకైన పరీక్ష, నమ్మదగిన పరీక్ష. వెనక అంచున నిలువుగా చిన్న పట్టీ పెడితే, 1971లో అమెరికా రేసర్ డాన్ గర్నీ చేసినట్టు, కొంచెం డౌన్‌ఫోర్స్ తోడవుతుంది, బ్యాలన్స్ సరిచేయడానికి అది మంచి సాధనం. బిగింపులు గట్టిగా ఉండాలి. చేత్తో ఊపితే ఊగే రెక్క ట్రాక్ మీద విరిగిపోతుంది.

కట్టాక: తూచండి, దారం కట్టండి, తిప్పండి

పోటీకి కనీసం రెండు నెలల ముందు కారు నడవాలి. ఇది నా గట్టి అభిప్రాయం. దానికోసం డిజైన్‌లో ఏదైనా వదులుకోవాల్సి వస్తే వదిలేయండి, కార్బన్ స్టీరింగ్ వీల్ వచ్చే ఏడాది చేసుకోవచ్చు.

ముందుగా నాలుగు తూకాల మీద, డ్రైవరుని కూర్చోబెట్టి, చదునైన నేల మీద తూచండి. ఎడమ ముందు, కుడి వెనక కలిపిన బరువు మొత్తంలో సగానికి దగ్గరగా రావాలి, పుష్‌రాడ్ పొడుగు మార్చి సరిచేయాలి. ఒక మూల లేపితే దానికి ఐమూలగా ఉన్న మూల కూడా బరువెక్కుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా మార్చండి. తర్వాత రెండు పక్కలా కారుకి సమాంతరంగా దారాలు కట్టి టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) కొలవండి. ఖరీదైన లేజర్ లేకపోయినా అర మిల్లీమీటరు దాకా ఈ దారంతో వస్తుంది.

మొదటిసారి తిప్పేముందు బ్రేకు పెడల్ గట్టిగా ఉందా, థ్రాటిల్ వదిలితే తనంతట తాను మూసుకుంటోందా, స్టీరింగ్‌లో ఆట ఉందా, షట్‌డౌన్ స్విచ్‌లు అన్నీ పనిచేస్తున్నాయా, మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఎవరు నిలబడుతున్నారు, ఇవి చూడండి. బిగించిన ప్రతి బోల్టు మీద, దాని పక్కన కలిసేలా, పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి.

స్కిడ్‌ప్యాడ్ మీద ఎడమకీ కుడికీ సమానంగా తిప్పి, ఆపిన వెంటనే ప్రతి టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి కొలవండి. లోపలి అంచు మరీ వేడిగా ఉంటే క్యాంబర్ ఎక్కువైంది. మధ్యభాగం వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాయండి, మార్చిన తర్వాత మళ్లీ పాత సెట్టింగ్‌కి వచ్చి ఒకసారి తిప్పండి, ఎందుకంటే టైరు అరుగుతుంటుంది, ఎండ మారుతుంటుంది, డ్రైవరు మెరుగుపడుతుంటాడు. పాత సెట్టింగ్‌లోనే టైమ్ మారిపోయి ఉంటే మీరు అనుకున్న లాభం సెట్టింగ్‌ది కాదు.

డ్రైవరు చెప్పేది వినేటప్పుడు మలుపు మూడు ముక్కలుగా అడగండి: లోపలికి వెళ్లేటప్పుడు ఏమైంది, మధ్యలో ఏమైంది, బయటికి గ్యాస్ ఇచ్చినప్పుడు ఏమైంది. ఊరికే అండర్‌స్టీర్ (స్టీరింగ్ తిప్పినా కారు తగినంత తిరగకపోవడం) అంటే మందు చెప్పలేం. లోపలికి వెళ్లేటప్పుడైతే బ్రేక్ బ్యాలన్స్, డ్యాంపర్లు, మధ్యలో అయితే బార్లు, క్యాంబర్, బయటికొచ్చేటప్పుడైతే డిఫరెన్షియల్ వైపు చూడాలి.

ఇవన్నీ ఒక దారికి వచ్చాక పూర్తి 22 కిలోమీటర్లు, మధ్యలో డ్రైవరు మార్పుతో సహా, పోటీలో ఎలా ఉంటుందో అలాగే తిప్పండి. ఆగాక ఎవరూ కారుని తుడవొద్దు. ఎక్కడ నూనె చెమ్మ వచ్చింది, ఏ తీగ దేనికి రాసుకుని అరిగింది, ఏ పెయింట్ గీత తన జతతో కలవకుండా జరిగింది, అన్నీ ఫొటోలు తీసి ఒక జాబితా రాయండి. జరిగిన ప్రతి గీత దగ్గరా బోల్టు మార్చడమా, తీగతో కట్టడమా, అసలు ఆ బ్రాకెట్టే మార్చడమా తేల్చండి, చేశాక మళ్లీ 22 కిలోమీటర్లు తిప్పండి, జాబితా ఖాళీగా వచ్చేదాకా.